తండ్రి సమాధిపై నిలిచిన కుమారుడు

(ఈ నెల వేదపాఠము)

చదువవలసిన వాక్యభాగములు: యోహాను 4:35–38, గలతీయులకు 6:7–10, ప్రకటన 14:13.



సమాధి అనగానే మనకు కన్నీరు జ్ఞాపకమునకు వచ్చును. అయితే పరిశుద్ధ గ్రంథములో సమాధులు ఊరక పడియుండవు. వాగ్దాన దేశములో అబ్రాహాము మొదట తన స్వంతము చేసికొనిన భూమి, తన భార్యయైన శారాను పాతిపెట్టుటకు వెండి తూచి కొనిన మక్పేలా పొలమే (ఆది. 23). ఎలీషా సమాధిలో అతని ఎముకలు తగిలి చచ్చిన మనుష్యుడొకడు లేచి నిలిచెనని చదువుచున్నాము (2 రాజులు 13:20, 21). మరియొక ప్రక్క మన ప్రభువు, ప్రవక్తల గోరీలను శృంగారించుచు ప్రవక్తల బోధను మాత్రము త్రోసివేయువారిని గద్దించెను (మత్తయి 23:29–31). సమాధి దేవుని చేతిలో జీవమునకు సాధనము కాగలదు. మనుష్యుని చేతిలో వట్టి డంబము కాగలదు.

ఈ నెల పాఠమునకు మేము ఇంగ్లండు దేశములోని ఒక పల్లె సమాధిని ఎన్నుకొంటిమి. సేవలో అలసియున్నవారికి, తమ కష్టమునకు ఫలము కానరాలేదని నిట్టూర్చువారికి ఇది ముఖ్యముగా ఉపయోగపడునని నమ్ముచున్నాము. మేము కూడ అట్టివారిలో ఒకరమే.

1. భోషాణము వంటి సమాధి

ఇంగ్లండులోని పల్లెలలో సమాధుల తోట ఊరి వెలుపల కాక దేవాలయము చుట్టునే యుండును. ఆరాధనకు వచ్చువారు తమ తాత ముత్తాతల సమాధుల నడుమ నడిచియే గుడిలో ప్రవేశింతురు. పూర్వము బీదలను పాతిపెట్టిన చోట రాయి యుండెడిది కాదు. కొంతకాలమునకు ఆ దిబ్బ నేలమట్టమై, గడ్డి మొలిచి, ఎవరిదో తెలియకుండ పోయెడిది. కొంచెము కలిగినవారు తలవైపు ఒక రాతిపలకను నిలువబెట్టెడివారు. ఇంకను ఘనముగా చేయదలచినవారు నాలుగు ప్రక్కల రాతిపలకలు నిలిపి, పైన ఒక పెద్ద పలకను మూతగా పరచెడివారు. దూరమునుండి చూచువారికి అది మన పాత ఇండ్లలోని భోషాణమువలె కనబడును. పైపలక బల్లవలె చదునుగా నుండును. ఒక మనుష్యుడు దానిమీద ఎక్కి నిలువవచ్చును.

ఒక సంగతి గమనించుడి. చనిపోయినవాని దేహము ఆ రాతిపెట్టెలో ఉండదు. దేహము క్రింద మంటిలోనే యుండును. పైన ఉన్న పెట్టె బోలుగా నుండు గురుతు మాత్రమే. ధనవంతుడైనను దరిద్రుడైనను మన్ను మంటికే చేరునని ఆ రాళ్లే చెప్పుచున్నవి.

లింకన్‌షైర్ జిల్లా వాయవ్య భాగములో ఎప్‌వర్త్ అను చిన్న ఊరు కలదు. అక్కడ గుట్టమీద పరిశుద్ధ అంద్రెయ పేర ఒక పురాతన దేవాలయమున్నది. ఆ గుడి తూర్పు కొనయొద్ద అట్టి రాతిపెట్టె సమాధి యొకటి కలదు. అది శామ్యూల్ వెస్లీ అను గురువుగారిది. 39 ఏండ్లు ఆ సంఘమునకు రెక్టరుగా నుండి, 72 ఏండ్ల ప్రాయమున 1735 ఏప్రిల్ 25వ తేదీన ఆయన ప్రభువునందు నిద్రించెనని దానిమీద వ్రాయబడియున్నది. ఏ విశ్వాసములో బ్రతికెనో ఆ విశ్వాసములోనే మరణించెనను సాక్ష్యమును, అపొస్తలుల కార్యములు 4:12, ప్రకటన 14:13 వచనములును దానిమీద కలవు.

2. ఆ మంటిలోని మనుష్యుడు

శామ్యూల్ వెస్లీగారు గొప్ప విద్వాంసుడు. యోబు గ్రంథముమీద లాటిను భాషలో పెద్ద వ్యాఖ్యానము వ్రాయుటలో ఎన్నో ఏండ్లు గడిపెను. అయితే ఆయన సంఘస్థులు నీరు నిలుచు పల్లపు భూములలో కష్టపడు రైతులు, మొరటు జనులు. ఆయనయు కొంచెము ముక్కోపి, లోకవ్యవహారమందు నేర్పరి కాడు. అందుచేత గురువునకును జనులకును సరిపడలేదు.

1705లో ఎన్నికల విషయమై పగపట్టినవారు ఆయనను అప్పుక్రింద పట్టించిరి. అప్పు 30 పౌనులకు లోపే. అంతమాత్రమునకే లింకన్ కోటలోని చెరసాలలో వేయబడెను. ఆయన చెరలో నుండగా రాత్రివేళ ఎవరో ఆయన ఆవులను పొడిచిరి. ఇంట పిల్లలకు ఆ పాలే ఆధారము. భార్యయైన సూసన్నమ్మగారు తన ఉంగరములను చెరసాలకు పంపగా ఆయన వాటిని తిరిగి పంపివేసెను. ఆయన ఊరకుండక తోటి ఖైదీలయొద్ద ఉదయ సాయంకాల ప్రార్థనలు జరిపి, ఆదివారమున ప్రసంగించుచుండెను. యార్కు నగరపు ఆర్చిబిషపుగారు మొదలైన స్నేహితుల సహాయముచేత కొన్ని నెలలకు విడుదల పొందెను. ఆ ఊరు విడిచి పొమ్మని పలువురు చెప్పినను ఆయన పోలేదు.

1709 ఫిబ్రవరి 9 రాత్రి ఆయన ఇల్లు కాలిపోయెను. అందరు బయటపడిరిగాని, అయిదేండ్లు దాటిన జాన్ అను పిల్లవాడు మేడగదిలో చిక్కుకొనెను. నిచ్చెన తెచ్చుటకు వ్యవధి లేదు. ఒక పొరుగువాడు గోడకు ఆనుకొని నిలువగా, వాని భుజములమీద మరియొకడు ఎక్కి, కిటికీలోనుండి పిల్లవానిని లాగివేసెను. వెంటనే కప్పు కూలెను. తండ్రి పొరుగువారినందరిని మోకరింపజేసి, ఇల్లు పోయినను పిల్లలు దక్కిరి, ఇదే నాకు చాలిన ఐశ్వర్యమని దేవుని స్తుతించెను. ఆయన పుస్తకములును వ్రాతప్రతులును ఆ మంటలలోనే బూడిదయ్యెను. ఆయన యోబు వ్యాఖ్యానమును మరల మొదలుపెట్టి వ్రాసెను. అది ఆయన మరణానంతరమే వెలువడెను.

సహోదరులారా, ఆయనను పగపట్టినదియు ఆ ఊరి జనులే. మంటలలోనుండి ఆయన బిడ్డను తీసినదియు ఆ ఊరివారే. తాను సేవించు జనమును ఒక్క మాటతో మంచిదనిగాని చెడ్డదనిగాని కొట్టివేయుటకు ఏ కాపరికిని వీలులేదు.

3. వంటయింటి సంఘము, తరంగంబాడి వార్త

సూసన్నమ్మగారు 19 మంది బిడ్డలను కన్నతల్లి. వారిలో అనేకులు పసితనమునే పోయిరి. మిగిలినవారికి ఆమెయే చదువు చెప్పెను. వారమున ఒక్కొక్క సాయంకాలము ఒక్కొక్క బిడ్డను ప్రత్యేకముగా కూర్చుండబెట్టుకొని ఆత్మ విషయములు మాటలాడెడిది. జాన్ వంతు గురువారము.

1711–12 శీతకాలమున భర్త లండనులో గురువుల మహాసభకు పోయియుండగా, ఆదివారము సాయంకాలము ఆమె వంటయింటిలో పిల్లలకు ప్రసంగము చదివి ప్రార్థించుచుండెను. పనివారు వచ్చిరి, ఇరుగుపొరుగువారు వచ్చిరి, చివరకు ఇంచుమించు 200 మంది కూడిరి. ఆడుది కూటము నడుపుటేమని ఫిర్యాదు పోగా, భర్త మానుమని వ్రాసెను. అందుకామె, ఊరక మానుమని సలహా చెప్పక స్పష్టముగా ఆజ్ఞయిమ్ము, తీర్పుదినమున ఈ ఆత్మల విషయమై దోషము నామీద నుండకూడదని వినయముతోను ధైర్యముతోను బదులు వ్రాసెను. ఆయన ఆజ్ఞ ఇయ్యలేదు.

ఆమెలో ఈ ఆసక్తి పుట్టించినది ఏమో తెలియునా? మన దక్షిణ హిందూదేశపు వార్తయే! 1706లో జీగెన్‌బాల్గు, ప్లూచౌ అను ఇద్దరు మిషనెరీలు డెన్మార్కు రాజుచేత పంపబడి అరవదేశములోని తరంగంబాడి రేవులో దిగిరి. వారి పని వృత్తాంతము ఇంగ్లీషులో అచ్చు కాగా, ఆ పుస్తకమును వెస్లీగారి గదిలో ఎమిలియా అను కుమార్తె చూచి తల్లికి చదివి వినిపించెను. దానివలన తన హృదయము మండెననియు, తానును తన చుట్టునున్నవారికొరకు ఇంకను ఏమైన చేయవలెనను ఆశ కలిగెననియు ఆమెయే భర్తకు వ్రాసెను. ఆ తరంగంబాడి మిషనుకే తరువాత వచ్చిన బెంజమిన్ షుల్‌ట్జుగారు బైబిలును తెలుగులోనికి తర్జుమా చేసెను. ఆ తర్జుమా అచ్చు పడలేదు. మన సముద్రతీరమున చల్లిన విత్తనము ఇంగ్లండులోని ఒక వంటయింటిలో మొలకెత్తెను. విత్తువాడు ఒకడు, కోయువాడు ఇంకొకడు!

4. తండ్రి కోరిక, కుమారుని నిరాకరణ

జాన్ పెరిగి ఆక్స్‌ఫర్డులో చదివి గురువాయెను. 1727 మొదలు 1729 వరకు తండ్రికి సహాయకుడుగా ఆ పల్లెలలోనే పనిచేసెను గాని ఫలమేమియు కానరాక తిరిగి ఆక్స్‌ఫర్డు పోయెను.

1734లో తండ్రి బలహీనుడాయెను. తన తరువాత జాన్ ఎప్‌వర్త్ గురువుగా నుండవలెనని బ్రతిమాలి వ్రాసెను. పరాయివాడు వచ్చినయెడల ద్రాక్షతోట కంచె విరిగి, తన నలువది ఏండ్ల ప్రయాస వ్యర్థమగునేమో అని ఆయన భయము. ముసలి తల్లికి నిలువనీడ కూడ ఉండదు. జాన్ అనేక కారణములు వ్రాసి ఒప్పుకొనలేదు. ఆక్స్‌ఫర్డులోనే తన ఆత్మకు క్షేమమనియు, అక్కడనే ఎక్కువ మేలు చేయగలననియు తలంచెను. తరువాత మనస్సు కొంత మార్చుకొనెను గాని, ఆ పదవి మరియొకరికి పోయెను.

దీనిని మేము దాచక వ్రాయుచున్నాము. దేవుడు వాడుకొనిన మనుష్యులు కూడ తమ తండ్రుల హృదయములను నొప్పించినవారే.

తండ్రి మరణశయ్యమీద నుండగా జాన్, చార్లెస్ అను కుమారులు ప్రక్కన నుండిరి. హృదయములో దేవుడిచ్చు సాక్ష్యమే క్రైస్తవ మతమునకు అన్నిటికంటె బలమైన రుజువని ఆయన జాన్‌తో చెప్పెను. ఈ రాజ్యములో విశ్వాసము మరల చిగురించును, నేను చూడను గాని మీరు చూచెదరని చార్లెస్ తలమీద చెయ్యి వేసి చెప్పెను. ఆయన కోరిక ప్రకారము ఆడంబరము లేకుండ, తక్కువ ఖర్చుతో, గుడి బయట సమాధుల తోటలోనే పాతిపెట్టిరి. ఆ కాలమున గురువులను గుడి లోపల బలిపీఠము దగ్గర పాతిపెట్టుట సామాన్యమే. ఆయన బయటనే కోరుకొనెను. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి.

5. మూయబడిన ప్రసంగపీఠము

ఏడేండ్లు గడిచెను. 1738 మే 24వ తేదీన లండనులో జాన్ వెస్లీ తన పాపములు క్షమింపబడెనను నిశ్చయము పొందెను. తండ్రి చెప్పిన అంతరంగ సాక్ష్యము అప్పుడు తనకు దొరికెను. 1739 మొదలుకొని పొలములలోను బొగ్గు గనుల యొద్దను వేలమందికి ప్రసంగించుచుండెను. అనేక గుళ్లు ఆయనకు మూయబడెను.

1742 జూన్ 5, శనివారమున ఎప్‌వర్త్ వచ్చి, తన్ను ఎవరైన చేర్చుకొందురో లేదో యని ఊరి నడుమ ఒక సత్రములో దిగెను. తండ్రి ఇంట పూర్వము పనిచేసిన ఒక ముసలమ్మ ఇద్దరు ముగ్గురు బీద స్త్రీలతో వచ్చి ఆయనను కనుగొనెను. ఈ ఊరిలో రక్షణను నిజముగా వెదకువారెవరైన కలరా అని ఆయన అడుగగా, నేనున్నాను, విశ్వాసము వలన నేను రక్షింపబడితినని ఎరుగుదునని ఆమె చెప్పెను. గుడి తెరువకముందే దేవుడు పనికత్తె హృదయమును తెరచియుండెను.

మరునాడు ఆదివారము. అక్కడి సహాయ గురువు రామ్లీ అనువాడు. ఇతడు పూర్వము శామ్యూల్ వెస్లీగారి చేత మేలు పొందినవాడే. ప్రసంగించుటలోగాని ప్రార్థనలు చదువుటలోగాని తోడ్పడుదునని జాన్ అడుగగా, అతడు వలదనెను. జాన్ ప్రసంగించునని వదంతి పుట్టి మధ్యాహ్నపు ఆరాధనకు గుడి క్రిక్కిరిసెను. రామ్లీ మాత్రము ఆత్మను ఆర్పకూడదను వాక్యము తీసికొని, మితిమీరిన మతావేశమే ఆత్మను ఆర్పు మార్గమని జాన్ ఎదుటనే ఎత్తిపొడిచెను. జనులు బయటికి వచ్చుచుండగా జాన్ తోటివాడొకడు ఆవరణలో నిలిచి, వెస్లీగారికి గుడిలో సెలవు దొరకలేదు గనుక ఆరు గంటలకు ఇక్కడనే ప్రసంగింతురని చాటించెను.

ఆరు గంటలకు ఆ ఊరు ఎన్నడు చూడని జనసమూహము కూడెను. జాన్ వెస్లీ గుడి తూర్పు కొన దగ్గరకు పోయి, తన తండ్రి సమాధిమీద ఎక్కి నిలిచెను. దేవుని రాజ్యము తిండియు పానమును కాదనియు, నీతియు సమాధానమును ఆనందమును అనియు పౌలు చెప్పిన వాక్యము (రోమా 14:17) మీద బోధించెను.

ఆలోచించుడి. శామ్యూల్‌గారు గుడి లోపల, గౌరవస్థలమందు పాతిపెట్టబడియుండినయెడల, ఆ సాయంకాలము కుమారుడు నిలుచుటకు ఆ రాయి ఉండెడిది కాదు. తండ్రి కోరుకొనిన తగ్గింపు స్థలమే కుమారునికి ప్రసంగపీఠమాయెను.

6. ఎనిమిది సాయంకాలములు

ఆ వారమంతయు ఆయన చుట్టుప్రక్కల పల్లెలు తిరుగుచు, సాయంకాలమున ఎప్‌వర్త్‌లో ప్రసంగించుచుండెను. ఒక సాయంకాలమున యెహెజ్కేలు చూచిన ఎండిన ఎముకల దర్శనమును గూర్చి బోధించెను. సమాధులు నిండిన ఊరిలో ఆ వాక్యము ఎట్లు వినబడెనో మీరే ఊహించుకొనుడి. జనులు గొల్లుమని ఏడ్చిరి.

ముప్పది ఏండ్లకు పైగా ఏ ఆరాధనకును పోని ఒక పెద్దమనిషి శనివారమున రాతిబొమ్మవలె కదలక నిలుచుండెను. అయ్యా, మీరు పాపులా అని వెస్లీ అడుగగా, కావలసినంత పాపినే అని గద్గద స్వరముతో చెప్పి ఆకాశమువైపే చూచుచుండెను. భార్యయు పనివారును ఏడ్చుచు ఆయనను బండిలో ఎక్కించి తీసికొనిపోయిరి.

నవ్వు పుట్టించు సంగతియు ఒకటి ఆయన వ్రాసియుంచెను. ఆ ప్రాంతమున కొందరు ఈ క్రొత్త బోధవారిని బండెడు మందిని పట్టి న్యాయాధిపతి యొద్దకు తెచ్చిరట. వీరేమి చేసిరని ఆయన అడుగగా ఎవరికిని నోట మాట రాలేదు. తుదకు ఒకడు, వీరు ఇతరులకంటె మంచివారమనుకొందురు, ఉదయము మొదలు రాత్రివరకు ప్రార్థింతురనెను. ఇంకొకడు, నా భార్యను మార్చివేసిరి, ఇంతకుముందు దాని నోటికి హద్దు లేదు, ఇప్పుడు గొఱ్ఱెపిల్లవలె సాధువైనదనెను. అట్లయిన వీరిని విడిచిపెట్టుడి, ఊరిలోని గయ్యాళులనందరిని మార్చనియ్యుడని న్యాయాధిపతి తీర్పు చెప్పెను. నిజమైన మారుమనస్సునకు ఇంటివారే మొదటి సాక్షులు.

13వ తేదీ ఆదివారము, ప్రక్క ఊరైన రూట్ గుడిలో గురువుగానున్న ఆయన బావమరిది ప్రసంగమునకు అవకాశమిచ్చెను. సాయంకాలము కడపటిసారి జాన్ తండ్రి సమాధియొద్ద కొండమీది ప్రసంగపు ఆరంభ వాక్యములు తీసికొని ఇంచుమించు మూడు గంటలు బోధించెను. విడిపోవుటకు ఎవరికిని మనస్సు రాలేదు. ఆ దినమున ఆయన తన దినచర్యలో వ్రాసికొనిన తాత్పర్యమిది: ఫలము వెంటనే కనబడలేదని ఎవరును తమ ప్రేమతో చేసిన ప్రయాస పోయినదని తలంచకూడదు, తన తండ్రి ఇంచుమించు నలువది ఏండ్లు ఇక్కడ పాటుపడి స్వల్పఫలమే చూచెను, తానును వ్యర్థముగా బలము ఖర్చుచేసితినని తలంచెను, ఇప్పుడు ఆ ఫలము కనబడినది.

తండ్రి చావకముందు భయపడిన సంగతికి దేవుడు తండ్రి సమాధిమీదనే జవాబిచ్చెను. తోట కంచె విరుగలేదు.

7. మనము నేర్చుకొనవలసినవి

మొదటిది: విత్తువాడు కోతను చూడకపోవచ్చును. మన ఊళ్లలో కాలినడకను పల్లెపల్లె తిరిగి, చెట్టుక్రింద అక్షరములు నేర్పి, ప్రార్థన చెప్పిన పాత ఉపదేశకులను తలంచుడి. వారిలో ఎందరి గోరీలకో రాయి కూడ లేదు. నేడు మనము గుడిలో కూర్చుండి పాడుచున్నామనిన, వారి భుజములమీద నిలిచియున్నాము. ఇతరుల కష్టఫలములో మనము ప్రవేశించితిమని ప్రభువు చెప్పిన మాట ఇదియే (యోహాను 4:38). తల్లులారా, తాగుబోతు కుమారునికొరకు ప్రార్థించి విసిగితిరా? సండేస్కూలు టీచర్లారా, పిల్లలు నిలువలేదని బాధపడుచున్నారా? లెక్క ఇంకను మూయబడలేదు.

రెండవది: తలుపు మూయబడినప్పుడు కోపగించుకొని వెళ్లిపోకుడి, గోడ పడగొట్టకుడి. జాన్ వెస్లీ గుడిలో అల్లరి చేయలేదు. ఆరాధన ముగియువరకు కూర్చుండి, తరువాత బయట నిలిచెను. 1743 జనవరి 2వ తేదీన మరల వచ్చినప్పుడు, ప్రభువు బల్లలో పాలుపొందగోరిన జనులతో, ముందుగా రామ్లీగారి సెలవు అడుగుట మర్యాద యని చెప్పెను. వెస్లీ తగినవాడు కాడు, అతనికి సంస్కారమియ్యనని రామ్లీ కబురంపెను. తాను పుట్టిన ఊరిలో, తండ్రి సేవించిన బల్లయొద్ద ఈ అవమానము! అయినను ఆయన 1791లో చనిపోవువరకు ఆ సంఘపు గురువుగానే యుండెను. మన గ్రామములలో ఒక చిన్న మాటకే సంఘము రెండై, ఒకే వీధిలో రెండు పాకలు లేచుచున్నవి. ఇది మనకు సిగ్గు కాదా?

మూడవది: తాళపుచెవి మన చేతిలో నున్నప్పుడు భయపడుదము. ఈ కథ చదువునప్పుడు మనమందరము వెస్లీ ప్రక్కనే నిలుతుము. రామ్లీ ప్రక్కన ఎవరమును నిలువము. కాని మేము ఒప్పుకొనవలసిన సంగతి యొకటి కలదు. కొన్ని ఏండ్ల క్రిందట ఒక ముసలి సహోదరుడు, చదువు అంతగా లేనివాడు, మా గుడిలో సాక్ష్యము చెప్పుటకు సెలవడిగెను. ఆయన ధోరణి మాకు నచ్చలేదు. సెమినరీలో నేర్చినవారము గనుక మాకు గర్వము కూడ నుండెను. సమయము లేదంటిమి. ఆయన ఏమియు అనక గుడి బయట చింతచెట్టు క్రింద కూర్చుండి, ఆరాధన అయిన తరువాత నలుగురు స్త్రీలతో ప్రార్థించి వెళ్లిపోయెను. ఆ నలుగురిలో ఒకామె, ఆ దినమున తనకు ధైర్యము కలిగెనని తరువాత మాతో చెప్పినది. ఆ ముసలాయన అప్పటికే ప్రభువు సన్నిధికి పోయెను. మేము క్షమాపణ అడుగుటకు ఆయన లేడు. చదువరులారా, మీకు ఇంకను సమయమున్నయెడల నేడే అడుగుడి.

నాలుగవది: రాయికంటె సాక్ష్యము గొప్పది. చనిపోయినవారిని గౌరవించుట మంచిదే. అయితే బ్రతికియున్నప్పుడు తల్లిదండ్రులకు గంజి పోయక, పోయిన తరువాత వడ్డీకి అప్పు తెచ్చి నున్నని రాళ్లు పరపించుట ప్రభువునకు ఇష్టమా? శామ్యూల్‌గారి సమాధిని లోకము జ్ఞాపకముంచుకొనుట రాతి విలువను బట్టి కాదు. దానిమీద నిలిచి ప్రకటింపబడిన సువార్తను బట్టియే. మన పిల్లలు మన సమాధిమీద నిలిచి ఏ మాట పలుకగలరు? మన జీవితము వారి కాళ్ల క్రింద గట్టి రాయిగా ఉండునా, లేక కాలు మోపగానే క్రుంగిపోవునా?

8. ఆ రాతినుండి మనయొద్దకు

వెస్లీ పేరు ధరించిన మెథడిస్టు మిషనువారు 19వ శతాబ్దపు ఉత్తరార్ధములో హైదరాబాదు రాజ్యపు తెలుగు పల్లెలకు వచ్చిరి. మెదకులో పాస్నెట్ దొరగారి ఆధ్వర్యమున కట్టబడిన పెద్ద దేవాలయము 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడెను. ఆ మహా గోపురము చూచినప్పుడెల్ల ఎప్‌వర్త్‌లోని ఆ చదునైన రాయిని జ్ఞాపకము చేసికొనుడి.

ఇంకొక మాట. ఎప్‌వర్త్ గుడి ఆంగ్లికను సంఘమునకు చెందినది. బయట నిలిచినవాని అనుచరులు మెథడిస్టులైరి. గుడికిని సమాధికిని నడుమ కొన్ని అడుగుల దూరమే, కాని ఆ రెండు సంఘములు తరతరములు వేరుగా నడిచెను. 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియను కాంగ్రిగేషనలు వారు కలిసియున్న ఐక్య సంఘము, అందరు ఏకమై దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడిరి. రామ్లీ నిరాకరించిన బల్లయొద్ద మన దేశములో వారు కలిసి మోకరించిరి. తరంగంబాడినుండి ఎప్‌వర్త్‌కు పోయిన దీపము మరల మన తీరమునకే తిరిగి వచ్చినట్లున్నది. కాబట్టి మనలో మరల గోడలు కట్టుట ఎంత అన్యాయము!

ఇంటిలోను కూటములోను ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ గ్రామమునకు మొదట సువార్త తెచ్చినవారెవరు? వారి పేర్లు మీ పిల్లలకు తెలియునా?
2. సూసన్నమ్మగారి వంటయింటి కూటమువంటిది మీ ఇంట జరుగుటకు అడ్డమేమి?
3. జాన్ తండ్రి మాటను కాదనుట న్యాయమా? మన పెద్దల కోరికకును దేవుని పిలుపునకును భేదము ఎట్లు తెలిసికొందుము?
4. మీ సంఘములో ఎవరికి తలుపు మూయబడియున్నది? దానిని తెరచుటకు మొదట ఎవరు లేవవలెను?

ప్రార్థన

పంటకు యజమానుడవైన ప్రభువా, మాకు ముందుగా కన్నీటితో విత్తినవారి నిమిత్తము నీకు స్తోత్రము. ఫలము కానరాని వేళ మా చేతులు సడలనియ్యకుము. మా గర్వముచేత మేము మూసిన తలుపులను నీవే తెరువుము. మేము మంటిలో కలిసిన తరువాతను మా బిడ్డలు మా విశ్వాసముమీద నిలిచి నీ నామమును ప్రకటించునట్లు మమ్మును స్థిరపరచుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.